చెంబు చప్పుడుకు చేపిన ఆవు

మా నాయనమ్మ పాలు పితికే చెంబు ఇత్తడిది. అంచు దగ్గర ఒకచోట చిన్న సొట్ట ఉండేది. ఎడమచేతి వెండి ఉంగరంతో ఆ సొట్ట పక్కన మూడుసార్లు తట్టేది. వేపచెట్టు కింద నెమరు వేస్తున్న గౌరి ఆ చప్పుడు వినగానే దవడ ఆపేది. చెవులు రెండూ వసారా వైపు తిప్పేది. నాయనమ్మ ఇంకా మెట్లు దిగకముందే దాని చన్నుల కొసల నుంచి పాలు బొట్లుబొట్లుగా రాలేవి. కింద మెత్తటి దుమ్ములో శనగగింజంత గుంటలు పడేవి. నేను గ్లాసు పట్టుకుని పక్కనే చతికిలబడి ఆ గుంటలు లెక్కపెట్టేదాన్ని. పితకడం మొదలుపెట్టాక మొదటి ధారలు నా గ్లాసులోకే. గుమ్మపాలు. చేతికి వెచ్చగా తగిలే గ్లాసు, పైపెదవికి అంటుకునే నురుగు, వాటితో కలిసిపోయిన తడిగడ్డి వాసన.

పశువులున్న ఇంట్లో పుట్టినవారికి చేపడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. దూడ వచ్చి పొదుగును మూతితో కుమ్మితే తల్లి పాలను కిందికి వదులుతుంది, అదే చేపడం. ఇష్టం లేకపోతే, భయం వేస్తే, కొత్త చెయ్యి తగిలితే పాలు పైకి బిగబట్టుకుంటుంది, అది ఎగచేపడం. ఎగచేపిన ఆవు దగ్గర ఎంత బలవంతుడు కూర్చున్నా చెంబు అడుగు తడవదు. నాటు ఆవుల్లో ఈ పట్టుదల మరీ ఎక్కువ. దూడ కనబడకపోతే చాలావాటికి చేపే రాదు.

గౌరి దూడ పుట్టిన నెలన్నరకే చనిపోయింది. ఊళ్ళో అందరూ ఒకటే సలహా చెప్పారు. దూడ చర్మంలో గడ్డి కూరించి బొమ్మ చేయించి ముందు నిలబెడితే ఆవు దాన్ని నాకుతూ పాలిస్తుంది. చాలా ఇళ్ళలో అలాగే చేసేవారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "బిడ్డ పోయిన తల్లికి బిడ్డ తోలు చూపిస్తామా?" అంది. నాలుగు రోజులు గౌరి ఎగచేపింది. రాత్రిళ్ళు అరిచేది. నాయనమ్మ మాత్రం రోజూ రెండు పూటలా అదే వేళకు వచ్చి, ఉంగరంతో చెంబు మీద మూడుసార్లు తట్టి, తవుడూ తెలగపిండీ కలిపిన బుట్ట దాని ముందు పెట్టి, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, చన్నుల్ని వేళ్ళతో నిమురుతూ కూర్చునేది. అరగంట, ఒక్కోసారి గంట. ఐదో రోజు కొద్దిగా వదిలింది. రెండు వారాలు గడిచేసరికి కడగడం, నిమరడం కూడా అవసరం లేకుండా చెంబు చప్పుడొక్కటే చాలింది.

1988లో నేను బి.ఇడి. చదివేటప్పుడు మనోవిజ్ఞానం చెప్పే మేడం నల్లబల్ల మీద కుక్క బొమ్మ వేశారు. దాని దవడకు చిన్న గొట్టం, గొట్టం చివర సీసా. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఉండేవాడనీ, జీర్ణగ్రంథుల మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చిందనీ చెప్పారు. ఆ పని చేస్తుండగానే ఆయన దృష్టి ఒక వింత మీద పడిందట. తిండి నోట్లో పడితే కుక్కకు లాలాజలం ఊరడం సహజం. తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే ఎందుకు ఊరుతోంది? అక్కడి నుంచి మిగతా జీవితమంతా, 1936లో కన్నుమూసేవరకూ, ఆయన ఆ బొట్లనే లెక్కపెడుతూ ఉండిపోయాడు. మెట్రోనోమ్, అంటే సంగీతంలో తాళం లెక్కకు వాడే పరికరం, టిక్కుటిక్కుమనగానే తిండి పెట్టడం, అలా కొన్నిసార్లయ్యాక మెట్రోనోమ్ ఒక్కటే ఆడించి సీసాలో ఎన్ని బొట్లు పడ్డాయో చూడడం.

తరగతిలో అందరూ నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. తిండి సహజ ఉద్దీపన, అంటే ఎవరూ నేర్పకుండానే లాలాజలం ఊరించేది. మెట్రోనోమ్ నిబంధిత ఉద్దీపన, అంటే తిండితో జతపడ్డాక ఊరించేది. ఈ నేర్పు పేరు శాస్త్రీయ నిబంధనం. నా కలం ఆగిపోయింది. నా కళ్ళకు సీసా కనిపించలేదు. దుమ్ములో శనగగింజంత గుంటలు కనిపించాయి. పీటర్స్‌బర్గ్‌లో ఒక మహానుభావుడు గొట్టాలు అమర్చి లెక్కపెట్టిన బొట్లను, మా పెరట్లో అక్షరం ముక్క రాని నాయనమ్మ పక్కన కూర్చుని నేనూ లెక్కపెట్టాను. నాకు గొంతు పట్టుకుపోయింది. అప్పటికి నాయనమ్మ పోయి రెండేళ్ళు.

ఆ నిబంధనం అన్న మాట మొదట్లో నాకు నచ్చలేదు. నిబంధన అంటే ఏదో సర్కారు షరతులాగా వినిపించేది. తరువాత తెలిసింది, పావ్లోవ్ వాడిన రష్యన్ మాట ఉస్లోవ్నీకి అర్థం కూడా అదేనని. ఫలానా షరతు ఉన్నంతవరకే నిలిచేది అని. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఆ అర్థం కొంచెం మారి, ఏదో తయారుచేసి దిద్దిపెట్టినదన్న ధ్వని వచ్చింది. మన పాఠ్యపుస్తకం రాసిన పెద్దలు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, తెలుగు మాటే పావ్లోవ్‌కు దగ్గరగా ఉంది. చెంబు మోగితే పాలు. ఆ షరతు తప్పితే?

తప్పించింది మేమే. ఆ ఎండాకాలం సెలవుల్లో అన్నయ్యకూ నాకూ ఒక ఆట దొరికింది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు పడుకున్నాక చెంబు తెచ్చి, అన్నయ్య జేబులోని రూపాయి బిళ్ళతో మూడుసార్లు తట్టేవాడు. గౌరి లేచి నిలబడేది. బొట్లు రాలేవి. మాకు చెప్పలేనంత సంబరం. తవుడూ లేదు, తెలగపిండీ లేదు, నాయనమ్మ చెయ్యీ లేదు. పావుగంట ఆగి మళ్ళీ తట్టేవాళ్ళం. మొదటి రోజు నేను పదిహేడు గుంటలు లెక్కపెట్టాను, ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది. రెండో రోజు తొమ్మిదో పదో. మూడో రోజు ఎన్నిసార్లు తట్టినా చెవి కూడా కదపలేదు. ఆ సాయంత్రం నాయనమ్మ మామూలుగా వచ్చి తట్టింది. గౌరి నెమరు వేస్తూనే ఉంది. మళ్ళీ తట్టింది. కూర్చుని నిమిరింది. చెంబు ఖాళీ.

నాయనమ్మ ముందు ఆవును చూసింది. తరువాత మమ్మల్ని చూసింది. మా మొహాల్లోనే ఉంది జవాబు. కొట్టలేదు, అరవలేదు. "నోరులేని దానితో అబద్ధం ఆడతారా?" అంది. అంతే. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తెల్లవారుజామున చెంబు చప్పుడుకు మెలకువ వచ్చి పెరట్లోకి పరుగెత్తాను. గౌరి లేచి నిలబడి ఉంది. దాని కింద దుమ్ములో నాలుగు గుంటలు. నాలుగే. అయినా నాయనమ్మ నవ్వుతోంది.

పాఠంలో దీనికి రెండు పేర్లున్నాయి. మెట్రోనోమ్ ఆడిస్తూ తిండి పెట్టకుండా పోతే బొట్లు తగ్గి తగ్గి ఆగిపోవడం విరమణ. కొంతసేపు ఊరకే వదిలేసి మళ్ళీ ఆడిస్తే, ఎవరూ ఏమీ నేర్పకుండానే కొన్ని బొట్లు తిరిగి రావడం అయత్నసిద్ధ స్వాస్థ్యం. టెట్‌కూ డీఎస్సీకీ చదివే పిల్లలు ఈ మాటను ఒక మార్కు కోసం బట్టీ పడుతుంటే నాకు బాధగా ఉంటుంది. ఎంత గొప్ప సంగతి అది! ఆగిపోయిందంటే చెరిగిపోయిందని కాదు. పాత నేర్పు కిందనే ఉంది, దానిమీద కొత్త నేర్పు ఒకటి పరుచుకుంది. పైపొర కాస్త పలచబడితే కిందిది కనిపిస్తుంది. ఆ నాలుగు గుంటలు చెప్పింది అదే.

ఆ మరుసటి ఏడు నాయనమ్మకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. అమ్మ చెంబు పట్టుకుని వెళితే గౌరి కాలు విసిరింది. చప్పుడు అదే, చెంబు అదే, కానీ చెయ్యి అది కాదు, ఒంటి వాసన అది కాదు. చివరికి అమ్మ నాయనమ్మ విడిచిన ముతక నేతచీర కట్టుకుని, ఆ చెంగే తలమీద వేసుకుని వెళ్ళింది. గౌరి చీర వాసన చూసి, ఒక్క నిమిషం ఆలోచించి, వదిలింది. ఇల్లాలి చీర కట్టుకుని పాలు పితికిన మగవాళ్ళ కథలు ఊరూరా ఉన్నాయి. నేను కళ్ళారా చూసింది ఇది. అసలుదానికీ దానిలాంటిదానికీ ఇలా తేడా పట్టడాన్ని విచక్షణ అంటారు.

ఇక్కడివరకూ రాసినవి తలచుకుంటే హాయిగా ఉండేవి. తరువాతిది అలాంటిది కాదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. మా మేనత్తను ఆ వైపు ఇచ్చారు. ఆ రాత్రి ఆమె నాలుగేళ్ళ కొడుకును నడుముకు కట్టుకుని తాడిచెట్టును వాటేసుకుని బతికింది. ఇంట్లో మిగతావాళ్ళు దక్కలేదు. వేలమందికి అదే గతి. వారం తరువాత నాన్న వెళ్ళి ఇద్దరినీ తీసుకొచ్చారు. అత్తయ్య ఏడ్చేది కాదు, మాట్లాడేది, వంట చేసేది, మాకు జడలు వేసేది. కానీ గాలి వీచి పశువుల పాక మీది తాటాకులు గలగలమంటే చాలు, చేతిలో పని వదిలేసి వెళ్ళి చీర కొంగుతో కొడుకు మణికట్టును తన మణికట్టుకు ముడివేసుకునేది. ముడి వేసినట్టు తనకే తెలిసేది కాదు. గాలి ఆగాక కొంగు లాగితే పిల్లవాడు కూడా వచ్చేవాడు. అప్పుడు ఉలిక్కిపడి విప్పేది. రానురాను బియ్యం మిల్లు హోరుకు కూడా అదే ముడి. ఒక చప్పుడుకు అలవాటైన భయం దాని చుట్టాలన్నిటికీ పాకడాన్ని సామాన్యీకరణం అంటారని నాకు చాలా తరువాత తెలిసింది. నాన్నకు ఏ పేరూ తెలియదు. ఒక ఆదివారం మనుషుల్ని పెట్టి పాక మీది తాటాకు పీకించి పెంకులు వేయించారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

బి.ఇడి. కాలేజీ గ్రంథాలయంలో పావ్లోవ్ గురించి వెతికి చదువుతుంటే ఒకచోట చెయ్యి వణికింది. 1924 సెప్టెంబరులో నీవా నది పొంగి, అప్పటికి లెనిన్‌గ్రాడ్‌గా పేరు మారిన పీటర్స్‌బర్గ్ మునిగింది. ప్రయోగశాల కుక్కల బోనుల్లోకి నీరు చేరింది. పనివాళ్ళు వెళ్ళేసరికి అవి బోను పైకప్పు దగ్గర ముక్కులు పైకెత్తి ఈదుతున్నాయట. తలుపు కిందికి ఉంది కాబట్టి ఒక్కొక్కదాన్నీ నీళ్ళలో ముంచి లాగి బయటికి తీశారు. బతికిన వాటిలో కొన్ని, ఏళ్ళ తరబడి నేర్చినవన్నీ మరిచిపోయాయి. నెమ్మదిగా మళ్ళీ కుదుటపడ్డాక, ఒక కుక్క ఉన్న గదిలోకి తలుపు కింద నుంచి కొద్దిగా నీళ్ళు పారనిచ్చి చూశారు. సన్నటి ధారే. అది చాలింది, కుక్క మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ నీళ్ళు వదిలిన చేతుల మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ అత్తయ్యకు పిచ్చి పట్టిందని గుసగుసలాడిన మా వీధివాళ్ళకు ఆ పేజీ చదివి వినిపించాలని కూడా అనిపించింది.

1992లో నాకు పాప పుట్టింది. సెలవు అయిపోగానే మూడు నెలల బిడ్డను అత్తగారి దగ్గర వదిలి బడికి వెళ్ళాను. మా బడి ప్రహరీకి అవతల అంగన్‌వాడీ. మూడో పీరియడ్‌లో ఏడో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతున్నాను. గోడ అవతల ఎవరి బిడ్డో ఏడ్చింది. నేను ఆ ఏడుపు గురించి ఆలోచించనైనా లేదు, శాతవాహనుల గురించి చెబుతున్నాను. రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టయింది. మరుక్షణం రవిక తడిసింది. హాజరుపట్టీ ఎదకు అదుముకుని పైట సర్దుకుని, మిగిలిన పావుగంట పాఠం అలాగే నిలబడి చెప్పాను.

స్టాఫ్ రూములో ఒక పెద్ద టీచరమ్మ నా చేతిలో తువ్వాలు పెట్టి "చేపుకు వచ్చిందా అమ్మా?" అంది. ఆవుకు వాడే మాటే తల్లికీ వాడతాం మనం. దాంట్లో చిన్నతనం లేదు. దూడ మూతి తగిలినా, బిడ్డ నోరు తగిలినా ఆ స్పర్శ నరాల గుండా మెదడుకు వెళుతుంది. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలో కలుస్తుంది. అది వచ్చి పాలగ్రంథులను నొక్కుతుంది. ఇది పుట్టుకతో వచ్చే దారి. బిడ్డ ఏడుపు, బకెట్టు చప్పుడు, ఇవి ఆ దారిలోకి తరువాత వచ్చి కలిసిన పిల్లబాటలు. భయం వేస్తే ఇదే దారి మూసుకుంటుంది. గౌరి ఎగచేపడం దాని పొగరు కాదు, అది కావాలని చేసినదీ కాదు.

టీచరుగా నన్ను మార్చింది మాత్రం ఒక పిల్లవాడు. ఆరో తరగతిలో చేరాడు. లెక్కల పుస్తకం తీయమంటే రెండు చేతులూ చంకల కింద దాచుకునేవాడు. నుదుటి మీద చెమట. ముందు చదివిన బడిలో ఎక్కం తప్పితే డస్టరు చెక్కతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారని వాళ్ళమ్మ చెప్పింది. దెబ్బకు భయపడడం సహజం. దెబ్బతో పాటు రోజూ కళ్ళ ముందున్నది లెక్కల పుస్తకం. పాపం, పుస్తకం ఏం చేసింది?

1920లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనోవిజ్ఞానవేత్త, ఆయన సహాయకురాలు రోజలీ రేనర్ ఒక పసివాడి మీద ఇదే చేసి చూశారు. పదకొండు నెలల బిడ్డ తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుపకడ్డీని సుత్తితో కొట్టేవారు. కొద్దిరోజుల్లోనే ఎలుక కనబడితే చాలు ఏడుపు. తరువాత కుందేలును చూసినా, బొచ్చుకోటు చూసినా ఏడుపే. ఆ భయాన్ని తీసేయకుండానే బిడ్డను పంపేశారు. ప్రతి ఏడూ ఈ ప్రయోగాన్ని గొప్పగా చెబుతారు. నాకది చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, దాని వెంటనే 1924 నాటి మేరీ కవర్ జోన్స్ అనే మనోవిజ్ఞానవేత్త కథ కూడా చెప్పకుండా గంట కొట్టనిచ్చేదాన్ని కాదు. పీటర్ అనే మూడేళ్ళ పిల్లవాడికి కుందేలంటే హడల్. వాడు ఇష్టమైన తిండి తింటూ ఉండగా పంజరంలో కుందేలును గది ఆ చివర పెట్టించింది. వాడి భయం చూసుకుంటూ కొద్దికొద్దిగా దగ్గరికి జరిపింది. చివరికి వాడు కుందేలును ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు.

నా దగ్గర కుందేలు లేదు, లెక్కల పుస్తకం ఉంది. మధ్యాహ్నం అన్నాల వేళ వాడినీ మరో ఇద్దరినీ చింతపిక్కలాటకు కూర్చోబెట్టేదాన్ని. పక్కన వేయించిన వేరుశనగలు. పుస్తకం మూసి బల్ల ఆ చివర. వారానికి ఒక జానెడు ఇటు జరిపేదాన్ని. వాడు చేతులు దాచుకుంటే మళ్ళీ వెనక్కి. జూలైలో మొదలుపెట్టాం. దసరా సెలవుల ముందు ఒకరోజు వాడే పుస్తకం లాక్కుని, పిక్కలు దానిమీద పోసి, "టీచర్, ఇవి పన్నెండు వరసలు" అన్నాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

సంక్రాంతి తరువాత తనిఖీకి వచ్చిన ఒక అధికారి నా బల్లమీద డస్టరు గట్టిగా కొట్టి పిల్లలను నిశ్శబ్దంగా ఉండమన్నారు. వాడి చేతులు రెండూ చంకల కిందికి వెళ్ళిపోయాయి. నాకు గౌరి కింద ఆ నాలుగు గుంటలు గుర్తొచ్చాయి. మర్నాడు మళ్ళీ పిక్కలు తీశాం. ఈసారి మూడు రోజులే పట్టింది.

ఉద్యోగం ముగిసింది. నాన్న పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. అన్నయ్య పొలం కాగితాలు సర్దుకున్నాడు, నేను చెంబు అడిగి తెచ్చుకున్నాను. హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు. పాలు ప్యాకెట్టులో వస్తాయి.

మొన్న ఒక పొద్దున్న కత్తెరతో ప్యాకెట్టు మూల కత్తిరిస్తున్నాను. హాల్లో ఐదేళ్ళ మనుమరాలు అలమరలోంచి ఏవో తీసి ఆడుకుంటోంది. చెంచాతో కొట్టింది. మూడుసార్లు. సొట్ట పక్కనే తగిలినట్టుంది, అదే మోత. నోట్లో నీళ్ళూరాయి. పైపెదవి మీద నురుగు తగిలినట్టయింది. నా ఎడమచెయ్యి గ్లాసు పట్టుకున్నట్టు దానంతటది ముడుచుకుంది. గౌరి పోయి నలభై ఏళ్ళు దాటింది.

హాల్లోకి వెళ్ళేసరికి పిల్ల మళ్ళీ చెంచా ఎత్తింది.

"వద్దు తల్లీ."

"ఇంకొక్కసారి, అమ్మమ్మా. బాగుంది."

"పాలు లేకుండా దాన్ని మోగించకూడదు" అన్నాను. ఎందుకని అడిగింది. చెంబు తీసుకుని నాయనమ్మ నేతచీర ముక్కలో నాలుగు చుట్లు చుట్టి బీరువా పై అరలో పెట్టాను. తరువాత పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అనగనగా గౌరి అని ఒక ఆవు ఉండేది అని మొదలుపెట్టాను.